వెనక వరసకు కనపడే ఎలుక

నాగుల చవితి నాడు హామిల్టన్‌లో ఒక గరాజులో పుట్ట వెలిసింది. శిరీష అనే అమ్మాయి, మా కూతురు సుజాతకు స్నేహితురాలు, చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, ఆ తర్వాత పాడిరైతులకు యంత్రాలమ్మే కంపెనీలో ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయింది. కారు బయటపెట్టి, గరాజు కడిగి, ముగ్గేసి, మొక్కల దుకాణంలో కొన్న రెండు సంచుల మట్టి తడిపి మోకాలెత్తు పుట్ట చేసింది. కన్నాలు గుండ్రంగా రావడానికి వాక్యూమ్ క్లీనర్ గొట్టం వాడానని నవ్వుతూ చెప్పింది. ఒక కన్నంలోంచి రబ్బరు పాము తల బయటపెట్టి చూస్తోంది. చుట్టూ సముద్రం, పాములే లేని దేశమిది. అడవిలో లేవు, పొలంలో లేవు, జూలో కూడా లేవు; పెంచుకుందామన్నా చట్టం ఒప్పుకోదు. అయినా పదిమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి, ప్లాస్టిక్ క్యానులోంచి గ్లాసుల్లోకి వంచుకుని ఆ రబ్బరు పాము నోటిముందు పాలు పోశారు. పాలు మట్టిలో ఇంకి, నల్లగా గచ్చు మీదకు కారాయి. తర్వాత ఆ తడిమట్టి తీసి పిల్లల చెవులకు రాశారు. మా సుజాత నర్సు కదా, ఖాళీ సంచి ఎత్తి నాకు చూపించింది. ఈ మట్టిలో ఊపిరితిత్తులకు ప్రమాదమైన సూక్ష్మజీవులు ఉండవచ్చు, చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు పెట్టుకోండి అని పెద్దక్షరాలతో రాసి ఉంది.

"ఏంటాంటీ ఇంత సైలెంట్‌గా ఉన్నారు?" అంది శిరీష. "మీరు ఏదో ఒకటి అంటారని మా ఆయన పొద్దుట్నుంచీ ఫోన్ చార్జింగ్ పెట్టుకుని రెడీగా ఉన్నాడు, వీడియో తీద్దామని. పాములు పాలు తాగవు అని ఒక్కసారి అనేయండాంటీ. అది వినకపోతే పండగలా లేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వాక్యం యాభై ఏళ్ళకు పైగా ఎన్ని వేదికల మీద అన్నానో, ఎన్ని వ్యాసాల్లో రాశానో నాకే లెక్క తెలియదు. ఆ రోజు అది నోటికి రాలేదు. పిల్లల చెవులు సబ్బుతో కడిగించండి, సంచి మీద రాసింది చదవండి అని మాత్రం అన్నాను.

నోటికి రాకపోవడానికి కారణం దారిలో జరిగింది. వెళ్ళేటప్పుడు కారులో వెనక సీట్లో మా మనవరాలు నిత్య ఫోను చూస్తూ కూర్చుంది. దానికి పన్నెండేళ్ళు. పాములంటే ఈ మధ్యే పిచ్చి పట్టింది. వేరే దేశాల్లో పిల్లలు పెంచుకునే కార్న్ స్నేక్ అనే పామును తనూ పెంచుకుంటానని గొడవ పెట్టి, ఇక్కడ కుదరదని తెలిసి ఏడ్చి, పెంచుకోలేకపోయినా దాని సంగతులన్నీ చదివి తీరతానని పట్టుబట్టింది. "అమ్మమ్మా, లిజన్. ఇది కూడా ఒక రకం ర్యాట్ స్నేకేనట," అంటూ దానికి ఎలాంటి ఎలుకను పెట్టాలో పైకి చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో చదివింది, నేను తెలుగులో రాస్తున్నాను. ఎలుక లావు పాము నడుము లావును మించకూడదు. పిల్లపాముకు కళ్ళు తెరవని గులాబిరంగు ఎలుకపిల్ల, పెరిగేకొద్దీ బొచ్చు మొలిచినది, ఆ తర్వాత పెద్దది. బతికున్న పెద్ద ఎలుకను పాముతో ఎప్పుడూ వదలకూడదు, భయపడితే అది పామునే కొరుకుతుంది. పాము కళ్ళు పాలపొర కమ్మినట్టు మసకబారితే అది కుబుసం విడవబోతోందన్నమాట. అప్పుడు తినదు, పెట్టవద్దు, కదిలించవద్దు, మునిగి పడుకునేంత నీళ్ళ గిన్నె మాత్రం తియ్యవద్దు. "హౌ డూ దే నో? ఇదంతా ఎవరు ఫస్ట్ కనిపెట్టారమ్మమ్మా?" అని అడిగింది. "ఇక చాలు, ఆపు," అన్నాను. నా గొంతు అంత కటువుగా వస్తుందని నేనే అనుకోలేదు. సుజాత స్టీరింగు మీదనుంచి ఒకసారి నావైపు తిరిగి చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

అది చదివిన ప్రతి నియమమూ నాకు పదిహేడేళ్ళకే తెలుసు. ఒక్కటొక్కటిగా, తెలిసే, అన్నీ తప్పాను. అందువల్ల ఒక మనిషి పోయింది. ఇంతకాలం నేను రాయకుండా దాటేసింది అదే.

మా ఊరు కృష్ణా డెల్టాలో. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఊరు ఆయన్ని నాస్తికం మాస్టారు అనేది, ఆయన ఆ పేరుకు మురిసిపోయేవాడు. మా ఇంట్లో కొన్ని మాటలు నిషేధం. మైల, దిష్టి, శకునం, వర్జ్యం, వీటిలో ఏది ఎవరి నోట వచ్చినా నాన్న చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసి "రుజువేది?" అనేవాడు. చుట్టాలొచ్చినా అంతే. అమ్మ నెలకు మూడు రోజులు పెరట్లో గోనెపట్టా మీద కూర్చునే ఇంటినుంచి కాపురానికొచ్చింది. మొదటి నెలలోనే నాన్న ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి నడిపించుకొచ్చాడట. నానమ్మ ఆ పూట అన్నం మానేసిందట. ఆ పని ఎంత గొప్పదో నాకు ఇవాళ్టికీ తెలుసు. కనుక మా ఇంటి నిషేధాలను చూసి నవ్వేవాళ్ళతో నేను నవ్వను. భోజనాల దగ్గర రోజుకొక వాదం ఉండేది. నాన్న ఒక విషయం చెప్పి, నువ్వు అవునను, నేను కాదంటాను అనేవాడు. మజ్జిగ పోసుకునే వేళకు పక్షాలు మార్చుకోవాలి. అమ్మ వడ్డిస్తూ వినేది. ఎప్పుడూ ఏ పక్షమూ తీసుకునేది కాదు, చారు చల్లారిపోతోందని మాత్రం గుర్తుచేసేది. వాదించడం నాకు అన్నంతో పాటు ఒంటబట్టింది.

పెరటి వసారాలో జల్లెడలాంటి ఇనుపవల బిగించిన చెక్కపెట్టెలో ఒక జెర్రిపోతు ఉండేది. ఇంగ్లీషులో ర్యాట్ స్నేక్ అనేది ఇదే, విషం లేని పాము, ఎలుకలే దాని తిండి. బళ్ళో పిల్లలకు చూపించడానికి నాన్న తెప్పించాడు. పేరు పెట్టనిచ్చేవాడు కాదు, పేరు పెడితే రేపు పూజ మొదలవుతుందనేవాడు. పక్కనే కిరసనాయిలు డబ్బాలో తవుడు పోసి ఎలుకలు. వర్షాకాలంలో ఆ వసారాలో తడిసిన గోనె, తవుడు, ఎలుక ఉచ్చ, అటు వంటింట్లోంచి ఇంగువ పోపు, అన్నీ కలిసి ఒక వాసనయ్యేది. పాముకు తిండి పెట్టడం నా పని. నేర్పినవాడు యానాది పోలయ్య. పొలాల్లో కలుగులకు కుండతో పొగపెట్టి ఎలుకలు పట్టడం అతని వృత్తి, పామును తెచ్చిందీ అతనే. దాని నడుం లావు చూసి అంతకు మించని ఎలుకనే ఎంచమన్నాడు. చుంచును వేస్తే కంపుకు ముట్టదన్నాడు. ఎలుకను ముందు నేలకేసి ఒక్క దెబ్బతో చంపి, ఇంకా వెచ్చగా ఉండగానే తోక పట్టుకుని పెట్టమన్నాడు. "బతికున్నదాన్ని ఏత్తే అదూరుకుంటదా అమ్మాయిగోరూ? దానికీ పళ్ళున్నాయి గందా," అనేవాడు. ఇది వినేసరికి నాన్నకు ఉత్సాహమొచ్చి, పాము నడుముకు దారం చుట్టి కొలవడం, అదే దారంతో ఎలుకను కొలవడం, తేదీ వేసి నోటుపుస్తకంలో రాయడం పెట్టాడు. పోలయ్య కంటిచూపుతో చేసేదాన్ని మేము దారంతో చేసేవాళ్ళం. దానికి మేము శాస్త్రీయ పద్ధతి అని పేరు పెట్టుకున్నాం.

నా పదిహేడో ఏటికి ముందటేడు వరికోతల్లో ఇద్దరు పాముకాటుతో పోయారు. టౌను ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షను ఉంది. కానీ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బండి, రైసు మిల్లు కామందు రాయుడుగారి జీపు, ఇద్దరినీ ముందు పుట్ట దగ్గరికే మోసింది. అక్కడ మంత్రం వేసేవాడొకడు ఉండేవాడు. నాగదేవత పాలు తప్ప ముట్టదనీ, పాలు పోసినవాళ్ళకు విషమెక్కదనీ చెప్పేవాడు. నాన్న అగ్గిలా లేచాడు. కరపత్రాలు వేశాడు. చివరికొకరోజు మిల్లు అరుగు మీద, ఊరి పెద్దలందరి ముందూ, రాయుడుగారే పందెం పెట్టాడు.

"మాస్టారూ, పాము ఒట్టి పురుగని నా కళ్ళముందు రుజువు చెయ్యండి. పాలూ పెట్టండి, ఎలుకనూ పెట్టండి. ఎలుకను మింగిందా, ఆ రోజునుంచి కరిచినవాణ్ణి ఎక్కించుకుని మా జీపు తిన్నగా ఆసుపత్రికే. పుట్ట దగ్గర ఆగేది లేదు. డ్రైవరుకు అందరి ముందూ చెబుతాను."

"పాలు తాగితే?" అన్నారెవరో.

"తాగితే ఎప్పట్లాగే. ముందు పుట్ట, తర్వాత మాస్టారి ఆసుపత్రి."

నాన్న ఇంటికొచ్చి ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. జీపు మనదే అన్నాడు. ఒక ఎలుక, ఒక గిన్నె పాలు, ఒక ఉదయం. కోతలకు ముందే, చవితి నాడే, బడి ఆవరణలో. ఆకలిమీదుంటే తడుముకోకుండా పట్టుకుంటుందని మూడు వారాలు పాముకు తిండి ఆపాలనుకున్నాం. పాములవాళ్ళు పండక్కి ముందు పామును ఎండగట్టి పాలు తాగిస్తారని నాన్న కరపత్రంలోనే రాశాడు. మేము చేస్తున్నదీ అదేనని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

పక్కింటి కోడలు మంగ నాకంటే రెండేళ్ళు పెద్ద. చంకలో ఏడాది పిల్ల. అత్తగారు చూడనప్పుడు గోడ మీదనుంచి తొంగిచూసి, నేను దారంతో ఎలుకలను కొలుస్తుంటే ఎగతాళి చేసేది.

"ఏమే, పెళ్ళికొడుకును చూస్తున్నావా ఇంతసేపు?"

"లావు కొలుస్తున్నానే."

"మా నాన్న మా ఆయన్ని చూడ్డానికొచ్చినప్పుడు ఇందులో సగం శ్రద్ధ పెట్టుంటే నా బతుకు బాగుండేది." పిల్లను అటు చంకనుంచి ఇటు చంకకు మార్చుకుని, గొంతు తగ్గించి అడిగింది. "ఆ జీపు సంగతి నిజమేనా? కోతలకు నేనూ వెళ్ళాలి ఈ ఏడు. మా అత్త పంపుతుంది. కోసి పడేసిన పనలెత్తాలంటే కింద ఏముంటుందోనని భయమే. మీ పాము తింటే బాగుండును. తినాలని మొక్కుకున్నాను కూడా."

"ఎవరికి?"

"ఇంకెవరికి, పుట్టకే!" అని పకపక నవ్వింది. నేను కూడా నవ్వి, ఆ మాటను ఉపన్యాసంలో వాడుకోవాలని మనసులో రాసుకున్నాను.

చవితికి వారం ముందు బడి ఆవరణలో ఒకసారి చూసుకుందామని, బల్ల మీద పెట్టెలో కొలతకు సరిపడిన ఎలుకనుంచి, నాన్నను గేటు దగ్గర నిలబెట్టాను. కనపడటం లేదన్నాడు. రెండడుగులు ముందుకొచ్చి, ఇంకా లేదన్నాడు. అప్పుడు నాకు పందికొక్కు తట్టింది. నాన్న తటపటాయించాడు. "దారం ఒప్పుకోదే, దానికి రెండింతలుంటుంది," అన్నాడు. నేను భోజనాల దగ్గర నేర్చుకున్నదంతా తీశాను. "నాన్నా, రుజువు ఎవరి కోసం? పాము కోసమా, జనం కోసమా? వెనక వరసలో కూర్చున్నవాడికి కనపడని రుజువు రుజువెలా అవుతుంది? చంపి పెడితే ముందే మందేదో పూశారంటారు. బతికున్నదే ఉండాలి, పెద్దదే ఉండాలి. పట్టుకుంటే చాలు, మింగకపోయినా గెలిచినట్టే." నాన్న నావైపు చూసి చిరునవ్వు నవ్వాడు. నా జీవితంలో నేను గెలిచిన మొదటి వాదం అది. ఆయన ముఖంలో ఆ గర్వం చూడటం కోసం ఆ తర్వాత ఎన్నో వాదాలు గెలిచాను.

ఆ వారం మొదట్లో పాము నీళ్ళ గిన్నెలో చుట్టచుట్టుకుని పడి ఉండేది. రంగు బూడిద తిరిగింది. ఇలా మందంగా పడుకుంటే రేపు జనం ముందు ఏం చేస్తుందని విసుగొచ్చి, గిన్నె తీసేసి పెరట్లో బోర్లించాను. ఎవరినీ అడగలేదు.

చవితి ముందురోజు మధ్యాహ్నం పోలయ్య నేను కోరినంత పందికొక్కును గోనెసంచిలో తెచ్చాడు. వసారాలో నాన్న, నేను, నాన్న దగ్గరికొచ్చిన ఇద్దరు మాస్టర్లు ఉన్నాం. పోలయ్య పెట్టె దగ్గర గొంతుక్కూర్చుని లోపలికి చూసి, సంచి మూతి మళ్ళీ బిగించాడు.

"అయ్యా, దీనికి మైలొచ్చింది. కళ్ళు సూడండి, పాలపొర కమ్మింది. ఇప్పుడిది దేన్నీ ముట్టదు. నీల్లలో పడుకోనియ్యండి. వారం ఆగండయ్యా. ఈ పందికొక్కును మాత్రం ఇందులో ఏయమాకండి, కొరికి సంపుద్ది."

"ఏమొచ్చింది?" అన్నాడు నాన్న.

"మైలండి."

మాస్టర్లిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "పోలయ్యా, మనుషులకే మైల లేదని మేం ఊరంతా చెప్పుకు తిరుగుతుంటే నువ్వు పాముకు అంటగట్టావా?" అన్నాడు నాన్న. నేను ఊరుకోలేదు. ముద్ద కంచంలో పెట్టినంత ఠీవిగా "రుజువేది పోలయ్యా?" అన్నాను. అందరూ ఇంకోసారి నవ్వారు.

పోలయ్యకు కోపం రాలేదు. మేము ఎందుకు నవ్వుతున్నామో అతనికి అర్థం కాలేదు. కుబుసం విడవడానికి అతను పెట్టుకున్న పేరు అది, అంతే. "రుజువు ఆడుంది గందా అమ్మాయిగోరూ, పెట్టెలో," అన్నాడు.

వంటింటి గుమ్మంలోంచి అమ్మ అంది, "అతను కళ్ళు చూడమంటున్నాడు కదండీ. ఒకసారి చూడండి."

ఎవరమూ చూడలేదు. రెండడుగుల దూరంలో ఉంది పెట్టె. వంగితే కనపడేది. పరిశీలించు, ఆ తర్వాతే నమ్ము అని ఊరికి చెప్పే నలుగురం అక్కడ నిలబడి, ఒక మాట మీద పడి నవ్వాము కానీ నడుము వంచలేదు. ఆ మాట మాకు శత్రువు. శత్రువు నోట వచ్చినందుకు, దాని వెనకనున్న నిజాన్ని కూడా వెళ్ళగొట్టాం.

మర్నాడు పొద్దున్నే బడి ఆవరణ నిండిపోయింది. పుట్టకు వెళ్ళే ఆడవాళ్ళు చలిమిడి పళ్ళేలతో సహా వచ్చారు. రాయుడుగారు ముందు కుర్చీలో. మంగ గోడవారన పిల్లనెత్తుకుని నిలబడి నాకు చెయ్యూపింది. నాన్న పావుగంట మాట్లాడి, పాల గిన్నె పెట్టెలో పెట్టాడు. నేను సంచి మూతి విప్పి పందికొక్కును లోపలికి జార్చాను. వెనక వరసలో ఎవరో "అబ్బో, ఎంతుందిరా!" అనడం వినపడి సంతోషపడ్డాను.

పాము దాన్ని చూడలేదు. చూడలేకపోయింది. ఎండలో ఆ కళ్ళు నాకు అప్పుడు కనిపించాయి, ఉడికిన చేపకళ్ళలా తెల్లగా. తల ఇనుపవలకు రెండుసార్లు కొట్టుకుంది, మూలకు జరిగింది, పాల గిన్నె అంచుకు తగిలింది. అక్కడ ఆగి మూతి దించింది. దవడలు కదలడం మొదలైంది. వారంగా నీటిచుక్క లేని ప్రాణి, తడి తగిలితే తాగింది. తర్వాత ఒక ముసలావిడ "తాగుతున్నాడమ్మా, నాగన్న పాలు తాగుతున్నాడు!" అని కేకపెట్టింది. అంతే. చేతులన్నీ పైకి లేచాయి. "దాహం! అది దాహం! నీళ్ళైనా తాగేది!" అని నాన్న అరుస్తూనే ఉన్నాడు. వెనక వరస దాకా ఆయన గొంతు వెళ్ళలేదు. ఆ గోలకు బెదిరిన పందికొక్కు దారి దొరక్క పాము నడుము మీద పడింది. పాలల్లో నెత్తురు ఎర్రగా కలిసింది. పోలయ్య జనాన్ని తోసుకుని వచ్చి మూత ఎత్తి, ఉత్తచేత్తో పందికొక్కును లాగి అవతలికి విసిరాడు. దాని పళ్ళు అతని బొటనవేలి మొదట్లో ఎముక దాకా దిగాయి.

రాయుడుగారు లేచి పంచె దులుపుకున్నాడు. "మాస్టారూ, మీ పామే మీ మాట వినలేదు," అని, డ్రైవరు వైపు తిరిగి, "విన్నావుగా, ముందు పుట్ట," అన్నాడు.

పాము మూడో రోజు చచ్చిపోయింది. సగం కుబుసం ఊడి, సగం ఒంటికే అంటుకుని ఉంది. నోటుపుస్తకంలో నాన్న ఏమీ రాయలేదు.

కోతలు మొదలైన రెండో వారంలో, ఎండ నడినెత్తిన ఉండగా, మంగ పన ఎత్తుతుంటే కింద రక్తపింజరి ఉంది. మణికట్టు పైన కాటు. జీపు త్వరగానే వచ్చింది, ఆ మాట చెప్పాలి. నాన్న, నేనూ ఎక్కాం. మంగ తెలివిగానే ఉంది, చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. పుట్ట దగ్గర జీపు ఆగింది. నాన్న డ్రైవరు చెయ్యి పట్టుకుని బతిమాలాడు. నేను అరిచాను, తిట్టాను. మంగ అత్తగారు నా ముఖంలోకి చూసి, "మీ ఇంటి పాము కూడా పాలే తాగింది కదమ్మా. ఇంకా ఏం మాట్లాడతారు?" అంది. నేను వెళ్ళి మంగ పక్కన కూర్చున్నాను. వేపమండలు, పసుపునీళ్ళు, మంత్రం, మళ్ళీ మంత్రం. మంగ చిగుళ్ళనుంచి నెత్తురు రావడం మొదలైంది. నేను తుడుస్తుంటే, "నీ ఎలుక పెళ్ళికొడుకు ఎంత పని చేశాడే," అని నవ్వబోయింది. ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది. మర్నాడు మధ్యాహ్నం పోయింది. కరిచిన వెంటనే తెచ్చి ఉంటేనా అని డాక్టరు అనబోయి, మా ముఖాలు చూసి ఆగిపోయాడు.

నేను రాసిన మొదటి వ్యాసం మంగ చావు మీద. నాన్న స్నేహితుడు నడిపే చిన్న మాసపత్రికలో వచ్చింది. అందులో మంత్రగాడున్నాడు, పుట్ట ఉంది, ఆగిన జీపు ఉంది, గంటల లెక్క ఉంది, ఏడాది పిల్ల ఉంది. ప్రతి వాక్యమూ నిజం. చదివినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారని ఉత్తరాలొచ్చాయి. మరో పత్రిక అడిగింది, ఆ తర్వాత మరొకటి. చిత్తుప్రతి చూసి నాన్న "పోలయ్య చెప్పిన సంగతి రాయవా?" అన్నాడు. "రాస్తే మన వాదం పలచబడుతుంది నాన్నా. వాళ్ళ చేతికి ఆయుధం ఇచ్చినట్టవుతుంది," అన్నాను. ఆయన కాగితాలు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు. రుజువేది అని అడగలేదు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఆయన నోట తక్కువగా విన్నాను.

ఈ వయసులో మెత్తబడి నేను పాత మాటలు వెనక్కి తీసుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పాము పాలు తాగి బతికే జంతువు కాదు. మంత్రానికి విషం దిగదు. మంగను పుట్ట చంపింది. కానీ పుట్ట ఒక్కటే చంపలేదు. గరాజులో రబ్బరు పాముకు పాలు పోసిన ఆడవాళ్ళ చేతుల్లో ఆ పూట ఎవరి ప్రాణమూ లేదు. మట్టి సంచి మీది హెచ్చరిక చదవమంటే చదివారు, నాలుక కరుచుకుని పిల్లల్ని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళారు. పెట్టె ముందు నిలబడి మేము ఆ మాత్రం కూడా చెయ్యలేదు. సుజాత పనిచేసే వార్డులో ఒక పద్ధతి ఉందట. పక్కబట్టలు మార్చే సహాయకురాలు వచ్చి, ఫలానా ముసలాయన ఇవాళ ఎందుకో నిన్నటిలా లేడు అని అంటే చాలు, ఆ మాటను ఆమె పేరుతో సహా రాసుకోవాలి, వెళ్ళి చూడాలి. "ఆవిడకు మెడికల్ వర్డ్స్ రావమ్మా, తేడాగా ఉన్నాడు అంటుంది, అంతే. అయినా చూస్తాం," అంది సుజాత. ఇది వాళ్ళకు విశేషమే కాదు, మామూలు పని. హేతువాదం మీద నేను పుస్తకాలు రాశాను. ఆ ఒక్క పద్ధతి మా వసారాలో ఉంటే మంగ ఇవాళ నాలాగే మనవరాలి పక్కన ముసలిదై కూర్చునేది.

మంగ మీద రాసిన ఆ మొదటి వ్యాసం అచ్చయిన వారానికి పోలయ్య మా ఇంటికొచ్చాడు. బొటనవేలు మానింది కానీ వంగడం లేదు, కుండ పట్టుకోవడానికి రెండో చెయ్యి కూడా వాడుతున్నాడు. వసారా మెట్టు కింద గొంతుక్కూర్చుని, "అమ్మాయిగోరూ, మనూరి సంగతి కాయితంలో ఏశారంట గందా. సదవండి, ఇంటాను," అన్నాడు. నేను లోపలికెళ్ళి పత్రిక తెచ్చి, మెట్టు మీద కూర్చుని మొదటినుంచీ చదివాను. బాగా చదివాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో నాకు తెలుసు. అతను తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా విన్నాడు. మంగ పేరు వచ్చిన చోట కళ్ళు తుడుచుకున్నాడు. చివరి వాక్యం చదివి పత్రిక మూశాను.

"అయిపోయిందాండి?"

"అయిపోయింది."

ఒళ్ళోని తలపాగా అంచు సరిచేసుకున్నాడు. "నేను సెప్పింది రాలేదండే. కళ్ళు మసకేసినయ్యని, ఆగమని."

"చోటు సరిపోలేదు పోలయ్యా," అన్నాను.

అతను నా చేతిలోని పత్రికను చూసి తలూపాడు. "అవున్లెండి. కాయితం సిన్నదే," అని లేచి, తలపాగా చుట్టుకున్నాడు.